అలవాటుపడినట్టు ధ్రువపత్రం

మొదటి సంవత్సరం విద్యార్థులందరూ ఈ నెల ఇరవయ్యో తేదీ సాయంత్రం ఐదు గంటలలోగా విశ్వవిద్యాలయ జీవితానికి అలవాటుపడవలెననీ, గడువు ఎట్టి పరిస్థితిలోనూ పొడిగించబడదనీ నోటీసు బోర్డు మీద ప్రకటన వెలిసింది. మంచి నిర్ణయమే. అంతకుముందు పిల్లలు ఎవరి వీలును బట్టి వాళ్లు అలవాటుపడేవారు. కొందరికి వారం పట్టేది, కొందరికి చదువు అయిపోయినా అయ్యేది కాదు. అట్లాంటి దానికి నివేదిక ఎవరు రాస్తారు?

ఈ పనికి ఒక అలవాటు అధికారిని వేసి, మెట్ల కింద గది ఇచ్చారు. పదకొండేళ్ల సర్వీసులో ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడని మనిషి గనక నిష్పక్షపాతంగా ఉంటాడని పైవాళ్ల నమ్మకం. ఆయన ఎనిమిది గడుల ఫారం తయారుచేశాడు, చివరి గడి తన ముద్రకు. అది నింపి ధ్రువపత్రం పుచ్చుకోని వాళ్లకు పరీక్ష హాల్ టికెట్ లేదు.

మొదటి సంవత్సరంలో చేరిన ఒక వడ్రంగి కూతురు ఆరు గడులు ఒక్క ఊపున నింపేసింది. ఆకలి వేస్తున్నదా? వేస్తున్నది. నిద్ర పడుతున్నదా? పడుతున్నది. ఇల్లు గుర్తొస్తున్నదా అన్నచోట "లేదు" అని ముందే అచ్చువేసి ఉంది, కష్టపడాల్సిన పని లేదు. ఏడో గడి దగ్గర కలం ఆగిపోయింది. అక్కడ ఇద్దరు స్నేహితుల సంతకాలు కావాలి. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో ముక్క: సదరు స్నేహితులు ఇదివరకే ఈ ధ్రువపత్రం పొందినవారై ఉండవలెను.

ఆ పిల్ల వచ్చి మూడు వారాలైంది. తరగతిలో ఏ బల్ల కాలు కుదురుగా లేదో చెప్పగలదు గానీ, ఆ బల్ల మీద కూచునే వాళ్ల పేర్లు చెప్పలేదు.

సాయంత్రం తండ్రి ఫోన్ చేశాడు.

"అక్కడ అలవాటైందా తల్లీ?"

"ఇంకా కాగితం రాలేదు నాన్నా."

సంగతంతా విని ఆయన, "నేను పెడితే చెల్లదా సంతకం?" అన్నాడు.

"తండ్రి స్నేహితుడి కిందికి రాడంట."

"సరేలే. ఎవరి పక్కనన్నా పోయి నిలబడు ముందు. చెక్కలు దగ్గరికి జరపకుండా మేకు ఎక్కడ కొడతాం?"

మర్నాడు పొద్దున్నే పోయి వరసలో నిలబడింది. నాలుగువందల పన్నెండు మంది. వరస మెట్ల కింద మొదలై గ్రంథాలయం చుట్టూ తిరిగి మళ్లీ మెట్ల దగ్గరికే వచ్చింది. అధికారి ఎవరి మీదా పక్షపాతం చూపలేదు. ధ్రువపత్రం ఉన్న స్నేహితులు లేరని అందర్నీ సమానంగా వెనక్కి పంపాడు. వెనక్కి పోయిన వాళ్లు వరస చివర మళ్లీ నిలబడ్డారు. మొదటి ధ్రువపత్రం ఎవరికో ఒకరికి వస్తే తప్ప రెండోది ఎవరికీ రాదు. రెండోది లేనిదే మొదటిది రాదు.

వెనక నిలబడ్డ పొడుగుపిల్ల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది, చార్జింగ్ అయిపోయి.

"నీది ఏ గది?" అనడిగింది వడ్రంగి కూతురు.

"ఇరవైమూడు."

"నాదీ ఇరవైమూడే."

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

"కిటికీ వైపు మంచం నీదేనా?" అంది పొడుగుపిల్ల.

"నాదే. నువ్వెప్పుడూ గోడకేసి తిరిగి పడుకుంటావు కదా, వీపు చూసుంటే గుర్తుపట్టేదాన్ని."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మధ్యాహ్నానికి వరసలో ఒకరి చోటు ఒకరు కాపలా కాస్తున్నారు. ఒకరి టీ ముగ్గురు తాగారు. ఎవరో ఆచార్యుడిలా దగ్గి చూపిస్తే ఇరవైమంది పొట్టలు పట్టుకున్నారు. అధికారి బయటికొచ్చి గట్టిగా మందలించాడు: "ఇది అలవాటుపడే చోటు. ఇక్కడ కబుర్లు చెప్పుకోరాదు."

ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం పన్నెండింటికి ఇరవైమూడో గది వాళ్ల వంతు వచ్చింది. అధికారి గదిలో ఒకటే కుర్చీ. బల్ల మీద మూత తీయని టిఫిన్ డబ్బా. సిరామెత్త మీద దుమ్ము. ముద్ర వేయబోతే ఒరిగేట్టుగా ఉంది బల్ల.

"స్నేహితులైతే ఉన్నారు గానీ ధ్రువీకరించిన స్నేహితులు కారు" అన్నాడు అధికారి.

వడ్రంగి కూతురు వంగి బల్ల కాలి కింద పాత నోటీసు మడిచి పెట్టింది. బల్ల కుదురుకుంది. "సార్, మీ ఫారం మీద ఎవరు సంతకం పెట్టారు?" అంది నెమ్మదిగా.

ఆయన సొరుగు తీశాడు. లోపల ఆయన ఫారం ఉంది. ఆరు గడులు గుండ్రటి అక్షరాలతో నింపి ఉన్నాయి. ఏడోది ఖాళీ.

"మేమిద్దరం పెడతాం లెండి" అంది పొడుగుపిల్ల. "ధ్రువీకరణ షరతు విద్యార్థులకే గదా, అధికారులకని ఎక్కడా రాయలేదు."

ఆయన నిబంధన రెండుసార్లు చదువుకున్నాడు. మూడోసారి చదవకుండానే కాగితం వాళ్ల ముందుకు తోశాడు. తలుపు దగ్గరి గుమాస్తా కూడా గబగబా తన ఫారం పట్టుకొచ్చి వాళ్లచేతే పెట్టించుకున్నాడు. ఐదు గంటలకల్లా నాలుగువందల పన్నెండు ఫారాల మీదా స్నేహితులుగా, ఇప్పుడు ధ్రువపత్రాలున్న అధికారీ గుమాస్తా ఇద్దరే సంతకాలు పెట్టారు. పెట్టేటప్పుడు ఒక్కొక్కరి పేరూ అడిగి రాశారు. పిల్లలు వెళ్లిపోయాక అధికారి డబ్బా మూత తీసి, గుమాస్తాను పిలిచాడు.

వార్షిక సభలో ఉపకులపతి ఉపన్యసించారు: "నూటికి నూరు శాతం అలవాటు సాధించిన ఏకైక విద్యాసంస్థ మనది. ఈ మహత్తర పథకాన్ని ఆచార్యులకూ, చివరికి నాకూ వర్తింపజేస్తున్నానని సవినయంగా ప్రకటిస్తున్నాను." చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఉపకులపతిగారి ఫారం ఇప్పటికీ సొరుగులోనే ఉంది. ఆరు గడులు నిండాయి.

ఆ ఫారం నమూనా పాఠకులకు ఇక్కడ జతచేయవలసింది, చోటు చాలలేదు. ఏడో గడి ఒక్కటి గుర్తుంటే చాలు. మీ ఫోనులో ఆరువందల పేర్లున్నాయని తెలుసు. కావలసింది రెండే. తొందరేం లేదు, ఆలోచించుకునే రాయండి.