దొరగారి కారుకి నంబరు పోయింది

"ఇచ్చట ఎంతటి చిక్కుముడి అయినా విప్పబడును. దొంగలారా, ఖబడ్దార్! - అపరాధ పరిశోధక సమ్రాట్ సూరిబాబు."

అంబాజీపేట దగ్గర పల్లెలో కాలవగట్టు మీద నడిచే ప్రతివాడూ సూరిబాబు ఇంటి గుమ్మం పైనున్న ఆ రేకు బోర్డు చదివి, ఓ నవ్వు నవ్వి మరీ వెళ్ళేవాడు. సూరిబాబు స్వహస్తాలతో రాసుకున్న బోర్డది. "సమ్రాట్" దగ్గరికొచ్చేసరికి రేకు అయిపోవడంతో పాపం సొంత పేరు చీమల బారులా ఇరికించాల్సొచ్చింది.

బోర్డు కట్టాక వచ్చిన కేసులు రెండే. తప్పిపోయిన దూడ తనంతట తనే ఇంటికి నడిచొచ్చింది. మంగాయమ్మగారి కోడిపెట్ట ఆచూకీ తెలిసేసరికి అది ఆవిడ అల్లుడిగారి విస్తట్లో ఉంది. తన బుర్ర మీద ఊరికి నమ్మకం లేదని సూరిబాబుకి తెలుసు. నిజం చెప్పాలంటే తనకీ అంతంతమాత్రమే.

అలాంటివాడి గుమ్మంలోకి ఎనభై నాలుగు వేసవిలో సాలమోను మాస్టారు, భార్య సువార్తమ్మగారూ వచ్చేరు.

మెడ్రాసులో డబ్బున్నవాళ్ళకి పాత కార్ల పిచ్చి పట్టిందనీ, ఎంత ముసలిదైతే అంత గిరాకీ అనీ పేపర్లో పడిన రోజులవి. కోనసీమలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న కార్లకి ఒక్కసారిగా తలంట్లు మొదలయ్యాయి. మాస్టారి కొబ్బరి కొట్లోనూ ఓ బేబీ ఆస్టిన్ ఉంది. మిషను దొరగారు సీమకి పోతూ మాస్టారి తండ్రికి ఇచ్చి వెళ్ళినది. ఆయన పోయాక ఒలిచిన కొబ్బరి డొక్కల కింద పడి నిద్రపోయింది.

అయితే మనవైపు పొరుగింటి కొట్లో వస్తువు ఊరికే పడి ఉంటే చూసి ఓర్చుకోలేరు. అడిగి తెచ్చుకుంటే మర్యాద, అడక్కుండా తెచ్చుకుంటే చనువు. ఆ చనువు కొద్దీ కారు హారను సోడాబండికి వెళ్ళింది. వెనక సీటు చర్చిలో పాస్టరుగారి కిందకి చేరింది. లైటు డిప్ప కనకమ్మగారి కోడిపిల్లలకి నూకల పళ్ళెమయింది. మాస్టారు చర్చిలో ఓ మాట చెప్పగానే సాయంత్రానికల్లా అన్నీ తిరిగొచ్చేశాయి. రామచంద్రపురం మెకానిక్కు కాశీవిశ్వనాథం ఇంజను కూడా బతికించాడు.

"వెనక నంబరు ప్లేటు ఒక్కటే రాలేదయ్యా," అన్నారు మాస్టారు.

"ఓస్, అంతేనాండీ! కొత్తది రాయించేద్దారండీ."

"కాగితాలు చెద తినేసింది. ముందు ప్లేటు తుప్పు తినేసింది. ఆ పాత నంబరు చూపిస్తే గానీ ఇది దొరగారి కారే అని నమ్మనంటున్నారు, కొంటానన్న మెడ్రాసు ప్రభాకరరావు గారు. ఆదివారం వస్తారు. ప్లేటుంటే బేరం, లేకపోతే లేదు."

సువార్తమ్మగారు కొంగు సర్దుకున్నారు. "వానలొచ్చేలోగా బడికి పెంకులు నేయిద్దామనుకున్నాం బాబూ. పోయినేడు పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని కూచున్నారు."

ఆ తాటాకు బళ్ళోనే సూరిబాబూ అక్షరాలు దిద్దాడు. రాసిన "అ" మీద చుక్క పడి చెరిగిపోతే ఏడ్చినవాడికి, మళ్ళీ చెయ్యి పట్టి రాయించినావిడ ఈవిడే. ఈ కేసు మాత్రం తప్పకూడదనుకున్నాడు.

"నిశ్చింతగా వెళ్ళండమ్మగారండీ! పాతాళంలో దాగినా పట్టుకొస్తాను," అని లేచి, గుమ్మం పైకమ్మికి నెత్తి కొట్టుకున్నాడు.

సైకిలు షాపు అప్పారావు అతని స్నేహితుడు, సహాయకుడు, అద్దె అడగని సైకిలు యజమాని కూడాను. మాస్టారి కొబ్బరి కొట్లో నేల మీద పెద్ద పాదముద్ర చూసి సూరిబాబు ఎగిరి గంతేశాడు.

"చూశావా! అంతర్జాతీయ ముఠా! ఈ పాదం మనవైపుది కాదురా."

అప్పారావు ఓ తాడుముక్కతో కొలిచాడు. ఆ తాడే సూరిబాబు కాలి పక్కన పెట్టి, "మనవైపుదేరా. ఇందాక నువ్వు తొక్కిందే," అన్నాడు.

మర్నాడు సూరిబాబు కొబ్బరి వ్యాపారిలా గడ్డం పెట్టుకుని సోడాబండి దగ్గర నిఘా వేశాడు. బండివాడు సోడాకాయ కొట్టి చేతికిస్తూ, "ఆయ్, సూరిబాబు గారూ, గడ్డం ఎడంపక్క ఊడతందండి," అన్నాడు మర్యాదగా. ఆ తర్వాత అనుమానం మెకానిక్కు మీదికి మళ్ళింది. కుట్ర చెవిని వేసుకుందామని కారు కిందకి దూరాడు. కాశీవిశ్వనాథానికి ఆ సంగతి తెలీదు. ఇంజన్లో మురికి నూనె అంతా కిందకి వదిలాడు. వారమంతా సబ్బు అరిగింది గానీ సమ్రాట్టు ముఖం తెల్లబడలేదు.

ఊళ్ళో అందర్నీ ప్రశ్నించాడు. పాస్టరుగారిని కూడా వదల్లేదు. ఇంట్లో ఉన్న తల్లి దానమ్మని మాత్రం అడగలేదు. అపరాధ పరిశోధనకి ఆడవాళ్ళ కబుర్లు పనికిరావని అతని సిద్ధాంతం.

ఆదివారం ప్రభాకరరావు గారు రానే వచ్చేరు. కారు చుట్టూ తిరిగి ముచ్చటపడి, ఖాళీగా ఉన్న ప్లేటు జాగా చూసి పెదవి విరిచారు.

"మాస్టారూ, కారు ముద్దొస్తోంది. కానీ నంబరు లేకుండా నేనేమని నమ్మనండీ?"

మాస్టారు సూరిబాబు వైపు చూశారు. అతను నూనె ముఖం దించుకున్నాడు. "నా వల్ల కాలేదండీ మాస్టారండీ," అన్నాడు. సువార్తమ్మగారు "పోనీలే బాబూ, కొబ్బరినీళ్ళు తాగి వెళ్దువుగాని," అన్నారంతే. తిట్టినా బాగుండేదనిపించింది.

తిన్నగా ఇంటికొచ్చి, కుర్చీ ఎక్కి బోర్డు పీకేశాడు.

"అమ్మా, ఇంక నేను డిటెక్టివుని కాదు. ఈ రేకు నువ్వే ఉంచుకో."

దానమ్మ మహా సంతోషపడింది. "బతికించేవు నాయినా! పాలకుండ మీద మూతకని నేను తెచ్చుకున్న రేకు అది. పిడకల దాలి మీద మసిపట్టిందని నువ్వే కదా, మసివైపు గోడకి తిప్పి, మంచివైపు రంగేసుకున్నావు." అంటూనే చూరులోంచి కొబ్బరిపీచు తీసి, బూడిద అద్ది, మసివైపు తోమడం మొదలెట్టింది.

"ఎక్కణ్ణించి తెచ్చేవే?" అన్నాడు సూరిబాబు, ఏదో అడగాలి కాబట్టి.

"ఎక్కణ్ణించేంటి, మాస్టారి కొట్లోంచి. డొక్కల్లో ఊరికే పడుంటేనూ."

పీచు కింద తెల్లటి అంకె ఒకటి తేలింది. దాని పక్కన ఇంకోటి. సూరిబాబు కెవ్వున అరిచి, తల్లి చేతిలోంచి రేకు లాక్కుని, బూడిద నీళ్ళు కారుతుండగానే కాలవగట్టు మీద పరుగు లంకించుకున్నాడు.

ప్రభాకరరావు గారు అప్పటికే లేచి నుంచున్నారు. రేకు అందుకుని కారు వెనక ఆనించి చూశారు. చీలల బెజ్జాలు సరిగ్గా కూచున్నాయి. రెండోవైపు తిప్పి, "దొంగలారా, ఖబడ్దార్" అని పైకే చదివారు.

"ఇంతకీ దొంగ ఎవరయ్యా?"

సూరిబాబు రొప్పు తీర్చుకున్నాడు. "దొంగ చాలా తెలివైనవాడండీ. డిటెక్టివు నెత్తిమీదే దాచేడండి."

ముందు సువార్తమ్మగారు నవ్వారు. ఆ తర్వాత మాస్టారు నవ్వు ఆపుకోలేక కారు బానెట్టు పట్టుకున్నారు. సూరిబాబుకి కూడా నవ్వొచ్చి, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది.

రంగు గీకేయించుకోండని మాస్టారన్నా ప్రభాకరరావు గారు ఒప్పుకోలేదు. "ఇదీ కారు చరిత్రేనండీ, ఉండనివ్వండి," అని అలాగే బిగించుకుని వెళ్ళారు.

తొలివాన పడేసరికి బడి మీద ఎర్రటి పెంకులున్నాయి. సూరిబాబు వాన వెలిసేదాకా ఆ బడి వరండాలో నుంచుని, లోపల ఒక్క చుక్కా పడకపోవడం చూశాడు. అటే వెళ్తున్న అప్పారావు సైకిలాపి, "ఏరా, బోర్డు లేదేంటి? కొట్టు కట్టేసేవా?" అన్నాడు.

"కట్టెయ్యడమేంటి! మెడ్రాసులో బ్రాంచి తెరిచేను," అన్నాడు సూరిబాబు.

హెడ్డాఫీసులో మాత్రం దానమ్మ పాలకుండ మీద అరిటాకు కప్పుకుంటోంది.