తీవ్రం దగ్గర టిక్కు

ఆ రోజు పొద్దున పెద్దకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా జీడిపప్పూ బాదమూ వేయించి డబ్బాలో పోయాలి. ఎనిమిదింటికి అందరూ టాక్సీ ఎక్కాలి. పదకొండింటి విమానంలో తినే పళ్ళెం అందరికంటే ముందు తన చేతికి రావాలి. మొదటి రెండూ ఎవరైనా చేసే పనులే. మూడోదాని కోసం మాత్రం ఆవిడ ఎనిమిది నెలలుగా కాచుకుని కూర్చుంది.

ఎనిమిది నెలల కిందట ఏమైందో చెప్పాలి మరి. అప్పుడూ వీళ్ళు ఇలాగే విమానం ఎక్కారు. చిన్నకోడలికి జీడిపప్పు, బాదం, వేరుశనగ ఇలాంటివేవీ పడవు. ఒక్క పలుకు నోట్లో పడినా పెదవులు ఉబ్బి, గొంతు బిగుసుకుపోతుంది. అందుకని టికెట్టు కొనేటప్పుడే ఆ సంగతి రాయిస్తుంది. అలా రాయించిన వాళ్ళ పళ్ళెం విడిగా సర్ది, పేరు రాసిన చీటీ అంటించి, తినుబండారాల బండి కదలకముందే తెచ్చి ఇవ్వడం విమానాల వాళ్ళ పద్ధతి. ఆ రోజు విమానంలో వడ్డించే పిల్ల వచ్చి, చిన్నకోడలి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "మీకేం ఇబ్బందిగా లేదు కదండీ?" అని చెల్లెల్ని అడిగినట్టు అడిగింది. పైగా మైకులో ఒక ప్రకటన. ఫలానా ప్రయాణికురాలి కోసం చుట్టుపక్కల వరుసల వాళ్ళు నట్స్ తినడం మానాలట!

పెద్దకోడలి దాకా బండి వచ్చేసరికి రెండు బిస్కట్లు మిగిలాయి.

ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఆ ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖరున తింటోంది. పోనీ, ఇల్లు కదా అని సరిపెట్టుకుంది. ఆకాశంలోకి వెళ్ళినా ఆఖరేనా? ఆ రెండు బిస్కట్లూ ఎనిమిది నెలలైనా ఆవిడకు అరగలేదు.

ఇంతలో ఆడపడుచు మోకాలి ఆపరేషన్ చేయించుకుంది. చూడ్డానికి రమ్మంటూ, "వదినా, నీ చేత్తో వేయించిన జీడిపప్పు డబ్బా మరిచిపోకు" అని ఫోన్ చేసింది. మిరియాలపొడి చల్లి పెద్దకోడలు వేయించే జీడిపప్పంటే ఆ ఇంటిల్లిపాదికీ ప్రాణం. అది ఆవిడకున్న ఒకే ఒక్క బిరుదు. మొగుడు తాళాల షాపులో కూర్చుని ఫోన్లో టికెట్లు కొంటుంటే ఆవిడ పక్కన చేరింది.

"ఇటివ్వండి. అత్తయ్య వయసు సరిగ్గా కొట్టారో లేదో చూస్తాను."

అత్తగారి వయసు సరిగ్గానే ఉంది. దాని కింద చిన్నకోడలి పేరుకి ఎదురుగా 'నట్స్ ఎలర్జీ: మధ్యస్థం' అని ఉంది. తన పేరుకి ఎదురుగా మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. స్వల్పం అంటే మరీ చిన్నతనం. మధ్యస్థం అంటే చిన్నదానితో సమానం. పెద్దకోడలన్నాక ఒక మెట్టు పైనుండాలి కదా! తీవ్రం దగ్గర టిక్కు పెట్టేసింది.

విమానం గుమ్మంలోనే విమానం పిల్ల ఎదురొచ్చింది. "తీవ్రం అని ఉన్నది మీకేనా అమ్మా? మిమ్మల్ని మొదటి వరుసలో కూర్చోబెడతాం, మా కళ్ళ ముందు ఉంటారు" అంది. సీటు రెండుసార్లు తుడిచారు. సంచి తాను తెస్తానని మొగుడు అందుకున్నాడు. డబ్బా అందులోనే ఉంది, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి. చిన్నకోడలు ఆ ఇంటికి వచ్చిన ఆరేళ్ళుగా పెద్దకోడలు ఆ జాగ్రత్త ఒక్కనాడూ తప్పలేదు. కుళ్ళు వేరు, జాగ్రత్త వేరు. మిగతా ముగ్గురూ పద్నాలుగో వరుసకి వెళ్ళారు. పెద్దకోడలు తల పైకెత్తి, ఇలాంటివి రోజూ జరిగేవే అన్నట్టు కూర్చుంది.

అంతలో చిన్నకోడలు పరుగున వచ్చి రెండు చేతులూ పట్టేసుకుంది. దాని కళ్ళల్లో నీళ్ళు.

"అక్కా, మీకూ ఉందా? ఒక్కమాటైనా చెప్పలేదేంటక్కా? ఆరేళ్ళుగా ఇది నా ఒక్కదాని ఖర్మే అనుకుంటున్నాను!"

"మొన్నే... మొన్నే తెలిసిందమ్మా" అంది పెద్దకోడలు, చేతులు ఎలా విడిపించుకోవాలో తెలియక.

వెనకే వచ్చిన అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. "అదేంటే? మొన్న ఆదివారం వేరుశనగకాయలు గిన్నెడు ఒలుచుకు తిన్నావుగా?"

"అప్పుడే తెలిసింది అత్తయ్యా."

"తిన్నాక కునుకు కూడా తీశావు."

"అది కునుకు కాదత్తయ్యా, స్పృహ తప్పడం."

చిన్నకోడలు అయ్యోమంటూ ఆవిడ భుజం నిమిరింది. పెద్దకోడలికి ఎక్కడో ముల్లు దిగినట్టయింది గానీ, అప్పుడే మైకులో ప్రకటన మొదలైంది. "మొదటి వరుసలో తీవ్రమైన ఎలర్జీ ఉన్న ప్రయాణికురాలు ఉన్నారు..." తీవ్రమైన అన్న మాట విమానం ఆ చివరిదాకా వెళ్ళింది. ఆ ముల్లు సంగతి మరిచిపోయింది.

విమానం పైకి లేచింది. పళ్ళెం వచ్చింది. అందరికంటే ముందు వచ్చింది! ఆవిడ వెనక్కి తిరిగి, తనది వచ్చాకే చిన్నకోడలిది వెళ్ళిందని కళ్ళారా చూసుకుని, అప్పుడు మూత తీసింది. లోపల బియ్యప్పిండి బిళ్ళలు రెండు, అట్టముక్కల్లా ఉన్నాయి. నాలుగు ఉడికించిన క్యారెట్ ముక్కలు, ఒక సగం ఆపిల్. ఉప్పనేది వాసనకైనా లేదు.

పక్క సీట్లో టై కట్టుకున్న పెద్దమనిషి అప్పుడే బాదం చాక్లెట్ రేపరు విప్పుతున్నాడు. విమానం పిల్ల పరుగున వచ్చి, "క్షమించండి సార్, మేడంకి తీవ్రం" అని దాన్ని చేతిలోంచి తీసుకుపోయింది. ఆ మనిషి పెద్దకోడల్ని చూసిన చూపుకి ఆవిడ బిళ్ళ నమలడం ఆపేసింది.

ఇంకా ఉంది. మధ్యస్థం అయితే పక్క వరుసల్లో నట్స్ ఆపితే చాలట. తీవ్రం అయితే విమానం మొత్తం ఆపాలట. వేయించిన జీడిపప్పు పొట్లాలు పోయాయి, బాదం బిస్కట్లు పోయాయి, వేరుశనగ చాక్లెట్లు పోయాయి. మిగిలిన ఆలూ చిప్స్ తొమ్మిదో వరుసతో అయిపోయాయి. పదో వరుస నుంచి మంచినీళ్ళే.

"ఎవరండీ ఆ మహాతల్లి?" అని వెనక నుంచి ఒక గొంతు. "మొదటి వరుసలో ఆవిడట. బాగానే ఉంది చూడ్డానికి" అని ఇంకో గొంతు. పెద్దకోడలు సీట్లోకి కిందకి జారింది. ముందు పళ్ళెం తినేవాళ్ళ వీపు ఇంత మండుతుందని ఆవిడకు ఎవరు చెప్పారు?

పద్నాలుగో వరుసలో అత్తగారికి కడుపు కాలింది. చిన్నకోడలు కిటికీ వైపు మొహం తిప్పుకుని నిద్రపోతోంది.

"ఒరేయ్, పెద్దదాని డబ్బా తియ్యరా."

"వద్దమ్మా, పక్కనే మరదలుంది" అన్నాడు పెద్దకొడుకు.

"అది కిటికీకి ముక్కు ఆనించి పడుకుంది. నేను ఇటు తిరిగి తింటాగా. పొద్దుట్నుంచి ఏమీ తినలేదురా, కళ్ళు తిరుగుతున్నాయి."

కన్నతల్లికి కళ్ళు తిరుగుతున్నాయంటే ఏ కొడుకు ఊరుకుంటాడు? పైగా తాళాల షాపువాడు, వాడి చేతికి టేపు ఒక లెక్కా! జేబులోంచి తాళంచెవి తీసి గీరాడు. మూత పైకి లేచింది.

మొదటి వరుసలో పెద్దకోడలి ముక్కుపుటాలు అదిరాయి. సన్నసెగన వేగిన జీడిపప్పు, కాస్త మాడిన మిరియం. ఆ వాసన లోకంలో ఇంకెవరికీ తెలియకపోవచ్చు గానీ ఆవిడకు తెలుసు. అది ఆవిడ చేతిది. ఆ పక్కనే చిన్నది నోరు తెరుచుకుని నిద్రపోతూ ఉంటుంది. దానికి నిద్రలో నోరు మూతపడదు, అదీ ఆవిడకు తెలుసు.

పెద్దరికం, పళ్ళెం, తీవ్రం అన్నీ అక్కడే వదిలేసి లేచి పరుగెత్తింది. "మేడం, మీరు లేవకూడదు!" అంటూ విమానం పిల్ల వెనక పడింది. పద్నాలుగో వరుస చేరుతూనే పెద్దకోడలు ఒక చేత్తో దుప్పటి లాగి చిన్నకోడలి మొహం మీద కప్పేసింది. ఇంకో చేత్తో అత్తగారి ఒళ్ళోంచి డబ్బా లాక్కుంది. అత్తగారు వదల్లేదు. ఆకలి మీదున్న మనిషి పట్టు మాటలా! డబ్బా గాల్లోకి ఎగిరి, తలకిందులై, అరకిలో జీడిపప్పూ బాదమూ పెద్దకోడలి నెత్తిన కురిశాయి. జుట్టులో, మెడలో, చెవుల వెనక అంతా అవే.

"అమ్మో, చీకటి! కరెంటు పోయింది!" అని దుప్పటి కింద చిన్నకోడలు అరిచింది.

"తీవ్రం మేడం మీద జీడిపప్పు పడింది!" అని విమానం పిల్ల అంతకంటే గట్టిగా అరిచింది. "ఇంజెక్షన్ పెట్టె తీసుకురండి! విమానంలో డాక్టర్లు ఎవరైనా ఉన్నారా?"

ఇరవయ్యో వరుసలోంచి బట్టతల ఆయన లేచాడు. "నేను డాక్టర్నే. అంటే... పళ్ళకి."

"ఏదైనా పర్లేదు, రండి సార్!"

పెట్టె తెరిచారు. అందులో సూది ఉన్న గొట్టం. తొడ మీద గుడ్డ మీంచే పొడుస్తారట. పెద్దకోడలికి ఒళ్ళంతా చెమట పట్టింది. "చెమటలు కూడా మొదలయ్యాయి!" అంది విమానం పిల్ల.

"వద్దు... నాకేం..." అంటోందే గానీ నోరు పెగలడం లేదు. "మాట కూడా పడిపోతోంది!" అంది విమానం పిల్ల.

"ఆగండి, గొంతు వాచిందేమో చూడనివ్వండి" అన్నాడు పళ్ళ డాక్టరు. ఫోన్ లైటు వేసి, ఆవిడ నోరు తెరిపించి, అలవాటు కొద్దీ గొంతు దగ్గర ఆగకుండా దవడ పళ్ళ దాకా వెళ్ళాడు. అక్కడ చాలాసేపు ఆగిపోయాడు.

"గొంతు బాగానే ఉంది. కానీ దవడ పన్ను సందులో జీడిపప్పు పలుకు ఇరుక్కుంది. మిరియం కూడా ఉంది. ఇప్పుడు పడింది కాదిది, బాగా నానింది. పొద్దున తిన్నారా అమ్మా?"

విమానమంతా చెవులు రిక్కించింది. సూది తొడకు జానెడు దూరంలో ఉంది.

"గుప్పెడు!" అని పెద్దకోడలు ఏడ్చేసింది. "ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని గుప్పెడు తిన్నాను! నాకు ఏ ఎలర్జీ లేదు. రాళ్ళు తిన్నా అరిగించుకుంటాను. పళ్ళెం ముందొస్తుందని టిక్కు పెట్టాను!"

సూది వెనక్కి వెళ్ళింది. "ఈ టిక్కు ఆడుకునేది కాదమ్మా. మీలాంటి వాళ్ళు నలుగురైతే, నిజంగా ప్రాణం మీదకొచ్చిన వాళ్ళు చెప్పినా రేపు ఎవరూ నమ్మరు" అంది విమానం పిల్ల. ఆ మాట సూది కంటే లోతుగా దిగింది.

చిన్నకోడల్ని అప్పటికే దూరంగా ఆ చివరి సీట్లోకి మార్చారు. జుట్టు దులుపుకుని, చేతులూ మొహమూ సబ్బుతో రెండుసార్లు కడుక్కుని పెద్దకోడలు అక్కడికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో మొదటిసారి చిన్నదాని మొహంలోకి చూడడానికి భయం వేసింది. ఇందాక చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి కదా. ఇక అక్కా అని పిలుస్తుందా?

"ఆ పళ్ళెం తిన్నారా?" అని అడిగింది చిన్నకోడలు, ఇటు తిరగకుండా.

"తిన్నాను. అట్టముక్కలు."

"ఆరేళ్ళుగా నేను తినేవి అవే. అందరూ గుర్రుగా చూస్తుంటే తినాలి. ఇంట్లో మీరు డబ్బా మూత తీస్తే అందరూ మీ చుట్టూ మూగుతారు. మా పెద్దకోడలి చెయ్యే చెయ్యి అంటారు అత్తయ్య. నేను గది తలుపేసుకుని ఆ నవ్వులు వింటూ కూర్చుంటాను. ఎవరు ఎవర్ని చూసి కుళ్ళుకోవాలి అక్కా?"

అక్కా అంది! పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. తనను చూసి కుళ్ళుకునే మనిషి ఒకరు ఇంట్లోనే ఉన్నారన్న సంగతి ఆవిడకు ఎన్నడూ తట్టలేదు. చెప్పొద్దూ, అంత సిగ్గులోనూ కాస్త హాయిగానే అనిపించింది.

ఆడపడుచు ఇంట్లో దిగగానే పెద్దకోడలు బజారుకెళ్ళి కొత్త మూకుడు, కొత్త గరిటె, గుమ్మడి గింజలు కొనుక్కొచ్చింది. అదే సెగ, అదే మిరియాలపొడి. దోరగా వేయించి, మొదటి గిన్నె చిన్నకోడలికే ఇచ్చింది. ఆడపడుచు మంచం మీంచి అరిచింది. "ఆపరేషన్ నాకా దానికా వదినా? నా జీడిపప్పేదీ?"

"విమానంలో కురిసిపోయింది" అన్నాడు పెద్దకొడుకు.

వారం తర్వాత తిరుగు ప్రయాణం. రానూపోనూ టికెట్లు ఒకేసారి కొన్నవే. తీవ్రం దగ్గర టిక్కు తీసేద్దామంటే ఫోన్ ఒప్పుకోలేదు. డాక్టరు కాగితం కావాలంది. పళ్ళ డాక్టరు కాగితం చెల్లదంది. మళ్ళీ మొదటి వరుస, మళ్ళీ అట్టముక్కలు. ఈసారి మధ్యస్థాన్ని కూడా పక్కనే కూర్చోబెట్టారు. ఆ పక్క మూడో సీట్లోకి అత్తగారు వచ్చి దర్జాగా కూర్చుంది.

"మీరు ఇక్కడికెలా వచ్చారత్తయ్యా?"

"ఇంటికి పెద్దదాన్ని నేనా మీరా? కోడళ్ళిద్దరికీ ముందు పళ్ళేలు, నాకు మంచినీళ్ళా? ఆ ఫోన్లో కిందకి పోతే ఇంకా బోలెడు గళ్ళున్నాయి. నమలలేనివారు అని ఒకటి కనిపించింది. టిక్కు పెట్టించాను."

అత్తగారికి ముప్పై రెండు పళ్ళూ రాళ్ళలా ఉన్నాయి. పళ్ళెం మూత తీసింది. వెన్న కరుగుతున్న మెత్తటి ఆలుగడ్డ ముద్ద, వేడి సూపు, పైన మీగడ వేసిన మామిడిపండు గుజ్జు. కళ్ళు మూసుకుని మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది.

ఇల్లు చేరేదాకా పెద్దకోడలు నాలుకతో తన పళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.