చేసినవారు లేని ఆఫీసు

లోకంలో పనులను మనుషులే చేస్తారన్న అపోహను పూర్తిగా తొలగించిన ఘనత తార్నాక పక్కనున్న ఒక విశ్వవిద్యాలయంలోని మార్కుల సవరణ విభాగానిది. అక్కడ ఎవరూ ఏమీ చేయరు. అన్నీ చేయబడతాయి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, చేయబడవచ్చు.

మాణికేశ్వర్ నగర్ అమ్మాయి రాహేలు ఎం.ఏ. ఇంగ్లీషు చదివింది. వ్యాకరణం పేపర్ మూడు గంటలూ కూర్చుని రాసింది. కెన్, మే, మస్ట్ ఉన్న ఇరవై వాక్యాలను యాక్టివ్ నుంచి పాసివ్‌లోకి ఒక్క కొట్టివేత లేకుండా మార్చింది. మార్కుల మెమోలో మాత్రం ఆ పేపర్ ఎదుట ఆబ్సెంట్ అని వచ్చింది. తార్నాకలో ఒక బడివాళ్లు ఆమెను ఇంగ్లీషు టీచరుగా తీసుకుంటామన్నారు. సోమవారం ఉదయానికి సరైన మెమో చూపకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

మొదటి దరఖాస్తుకు ‘మే బీ కన్సిడర్డ్’ అని జవాబు వచ్చింది. రెండోదానికి ‘విల్ బీ ఎగ్జామిన్డ్’. మూడోదానికి ‘షుడ్ హావ్ బీన్ సబ్మిటెడ్ ఎర్లియర్’. (ఆ విభాగంలో ‘మే’ అంటే ఈ ఏడాది కాదని, ‘విల్’ అంటే ఈ సెక్షన్ కాదని, ‘మస్ట్’ అంటే విద్యార్థే చేసుకోవాలని అర్థం. వ్యాకరణ పుస్తకాల్లో ఇది ఇంకా చేర్చబడలేదు.)

శుక్రవారం మధ్యాహ్నం రాహేలు స్వయంగా వెళ్లి సీనియర్ అసిస్టెంట్ చంద్రయ్య కిటికీ ముందు నిలబడింది.

“ఏంది బిడ్డా, మల్ల వచ్చినవ్?”

“నా మెమో అయిందా సార్?”

“అయితది.”

“ఎవరు చేస్తున్నరు సార్?”

చంద్రయ్య కళ్లజోడు తీశాడు. “ఎవరు చేసుడేంది? అయితది అన్న గదా!”

“మరి ఆబ్సెంట్ అని ఎవరు వేసిన్రు?”

“పడ్డది బిడ్డా. వాన పడ్తది. ఎవరు వేసిన్రని అడుగుతవా?”

అయితే ఆ ఆఫీసులో ‘ఎవరు’ అన్న ప్రశ్న ప్రమాదకరమైనది. నాలుగేళ్ల కిందట నరేందర్ అనే గుమాస్తా ఆదమరిచి ఒక ఫైలులో ‘నేను సరిచేస్తాను’ అని రాశాడు. ఆ ‘నేను’ ఎవరో తేల్చడానికి ముగ్గురు సభ్యుల సంఘం వేయబడింది. నరేందర్ ఇప్పుడు తోటల విభాగంలో ఉన్నాడు. (అక్కడ మొక్కలకు నీళ్లు పోయబడుతున్నాయి.) అందుకని చంద్రయ్య ఆమెను వెంటనే సూపరింటెండెంట్ శశిభూషణ్ గారి ముందు కూర్చోబెట్టాడు.

“నీ జవాబు పత్రం దొరికిందమ్మా. డెబ్భై ఒక్క మార్కులు. సంతోషం,” అన్నాడాయన. “కానీ కంప్యూటర్లో ‘తప్పు చేసినవారు’ అని ఒక గడి ఉంది. అది నిండకపోతే మెమో ప్రింటు కాదు.”

“మీ ఆఫీసుల ఎవరిదన్న పేరు రాయండి సార్.”

నలభై ఇద్దరు పనిచేసే ఆ హాల్లో, విచారించగా, ఎవరూ లేరని తేలింది.

“చూశావుగా, ఇక్కడ పేరున్న మనిషివి నువ్వొక్కదానివే,” అంటూ ఆయన ఎంతో ఆప్యాయంగా ఒక కాగితం ముందుకు జరిపాడు. అందులో ఇలా ఉంది: ‘హాజరు పట్టికలో నా పేరు ఎదుట ఆబ్సెంట్ అని నేనే వేసుకున్నాను.’

“నేనెందుకు వేసుకుంట సార్?”

“అరె, వేసుకోవాలంటే నువ్వు ఆ హాల్ల ఉండాలె గదా,” అన్నాడు వెనక నుంచి చంద్రయ్య. “నువ్వు ప్రెజెంట్ అనెటందుకు గదే ప్రూఫ్!”

నాలుగున్నర అయింది. రేపూ ఎల్లుండీ సెలవు. రాహేలు సంతకం పెట్టింది.

పది నిమిషాల్లో మెమో వచ్చింది. ఇంకో ఐదు నిమిషాల్లో, ఆమె మెట్లు దిగేలోపే, చంద్రయ్య పరుగున వచ్చి ఆ మెమో తీసుకుని, దాని మీద అడ్డంగా ‘చెల్లదు’ అని ముద్ర గుద్ది, ఒక నోటీసు జతచేసి ఇచ్చాడు. ‘బి. రాహేలు పరీక్ష హాలులో హాజరు పట్టికను దిద్దింది. ఆమె ఫలితాన్ని నేను నిలిపివేస్తున్నాను. శశిభూషణ్, సూపరింటెండెంట్.’

“మూడు దినాలల్ల జవాబు ఇయ్యాలె బిడ్డా,” అన్నాడు చంద్రయ్య రొప్పుతూ. “లేటయితే మా ఆఫీసుల ఒప్పుకోరు.”