ఉచిత దుమ్ము పంపిణీ

మా ఊరి కొండను కంకరగా మార్చి దేశానికి అంకితం చేస్తున్న నారాయణప్ప గారి క్రషర్‌కు ఏడాది నిర్వహణ ఖర్చుల అంచనా పూర్తయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పెనుకొండ, ధర్మవరం మధ్య ఇంత నిజాయితీ గల అంచనా మరొకటి లేదని నారాయణప్ప గారే స్వయంగా చెప్పారు. ఆయనే చెప్పాక ఇక విచారణ దేనికి?

అంచనా అడిగింది బ్యాంకు. రెండో మిషనుకు అప్పు కావాలంటే మొదటిది నడపడానికి ఏమవుతుందో రాసి ఇమ్మంది. అందుకని హిందూపురం నుంచి అనిల్ అనే కన్సల్టెంటును పిలిపించారు. పాపం, చదువుకున్న పిల్లవాడు. కరెంటు, డీజిలు, కూలీలు, రాయిని నమిలే జా ప్లేట్ల అరుగుదల వేసి, ఇంతే కదా అన్నాడు. నారాయణప్ప గారికి నవ్వాగలేదు.

"ఏమప్పా, క్రషరు డీజిలుతో నడుస్తాదని ఎవురు చెప్పినారు నీకు?"

ఆ తర్వాత అసలు ఖర్చులు వరసగా వచ్చి కూర్చున్నాయి. అమావాస్యకు మిషను ముందు కొట్టే గుమ్మడికాయలు. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు. గెలిచినవారికి పెద్దవి, ఓడినవారికి కొంచెం చిన్నవి. తనిఖీకి వచ్చే అధికారులకు నాటుకోడి, రాగి సంగటి. శాకాహారి అధికారి వస్తే ఖర్చు తగ్గుతుంది కదా సార్ అని అనిల్ అడిగాడు. "కోడి తిననోడు వేరేది తింటాడప్పా, ఆడ ఎక్కువ రాసుకో" అన్నారు నారాయణప్ప గారు.

నీళ్ల దగ్గర కలం ఆగింది. దుమ్ము లేవకుండా రోజూ నీళ్లు చల్లాలని రూలుంది. చల్లితే టిప్పరు కంకరకు రెండు వందలు ఎక్కువ పడుతుందని అనిల్ తేల్చాడు. ఇప్పుడు చల్లడం లేదా అంటే, ఎందుకు చల్లరు, తనిఖీ రోజు చల్లుతారు. పోయినసారి ఎంత శ్రద్ధగా చల్లారంటే అధికారి జీపు బురదలో దిగబడితే ట్రాక్టరు పెట్టి లాగించారు. ఆ ట్రాక్టరు బాడుగ కూడా అంచనాలో ఉంది.

మిగతా రోజుల దుమ్ము మా ఊరికి వస్తుంది. మా సంగట్లోకి వస్తుంది, మా పశువుల గడ్డిలోకి వస్తుంది, అన్నిటికంటే ముందు గంగాదేవి మగ్గం మీదికి వస్తుంది. ధర్మవరం షావుకారు ఇచ్చిన పట్టుతో ఆమె చీరలు నేస్తుంది. తలుపుకు గోనెపట్టా, కిటికీకి పాత చీర కట్టినా మీగడ రంగు చీర బూడిద రంగులోనే దిగుతోంది. షావుకారు రెండు చీరలు వెనక్కి పంపాడు. మూడోదీ ఇట్లాగే ఉంటే పట్టు ఇవ్వను, మగ్గం విప్పేసుకో అన్నాడు. ఆమెకు ఆ మగ్గం తప్ప వేరే ఆధారం లేదు.

ఇక్కడ అనిల్‌కు ధర్మసందేహం వచ్చింది. క్రషర్ దుమ్మును సిమెంటు ఇటుకల వాళ్లు కొంటారు, అంటే అదీ సరుకే. మరి ఊరి మీద పడిన సరుకును ఏ పద్దులో వేయాలి? నష్టమంటే బ్యాంకు అప్పివ్వదు. నారాయణప్ప గారు క్షణం ఆలోచించి "గ్రామ ప్రజలకు ఉచిత పంపిణీ" అని రాయించారు. అది చదివి బ్యాంకు మేనేజరు కళ్లు చెమర్చాయట. ఆయన అప్పుడు క్రషర్ దగ్గరే ఉన్నారని గిట్టనివాళ్లు అంటారు.

ఇంత సేవ చేసిన మనిషికి సన్మానం చేయకపోతే ఊరికి మర్యాదా? సర్పంచ్ పౌలు గారు బడి ముందర షామియానా వేయించి మాట్లాడారు.

"అడక్కుండానే, కులం మతం చూడకుండా, ఇంటింటికీ సరుకు అందుతా ఉండాదంటే, ఆ పుణ్యం నారాయణప్పన్నదే!"

గంగాదేవి లేచింది.

"అన్నా, నీ సరుకు నాకొద్దు. రోజూ నీళ్లు చల్లించు. మగ్గం మీదుండే చీర గూడా తిరిగొస్తే నేను యాడికి పోవల్ల?"

మా రక్తం ఉడికిపోయింది. "చల్లాల్సిందే!" అని అందరం అరిచాం. నారాయణప్ప గారు కోప్పడలేదు, చేతులు జోడించారు.

"వద్దన్నోళ్లెవురు? రేపట్నుంచే చల్లిస్తా. టిప్పరుకు ఇన్నూరు ఎక్కువైతాది, మన ఊరోళ్లూ ఇయ్యల్ల. ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తండి."

అయ్యో, ఇదేం పరీక్ష! పౌలు గారి మేడకు స్లాబు పడాలి. రామాంజి పునాది తీశాడు. నా ప్రహరీ గోడ సగంలో ఉంది. లేచిన చెయ్యి ఒక్క గంగాదేవిదే. మీరైతే ఎత్తేవారే, సందేహం లేదు. మీ ఇల్లు పూర్తయిందా? ఇంకా లేదా? అయితే ఆ మాట వదిలేద్దాం.

మూడో చీర తిరిగొచ్చింది. మగ్గం విప్పేశాక నేతకు కాళ్లు పెట్టుకునే గుంత మిగిలింది. దాన్ని పూడ్చుకోవడానికి నారాయణప్ప గారు ఒక ట్రాక్టరు దుమ్ము పైసా తీసుకోకుండా పంపారు. ట్రాక్టరు పక్కన గంగాదేవిని నిలబెట్టి ఫొటో తీసి, కింద "లబ్ధిదారు" అని రాసి ఫ్లెక్సీ కట్టారు. అందులో వెనకాల చప్పట్లు కొడుతున్నది మేమే.