పొగకు నల్లబడ్డ రాజుగారు

ఆ వేళ సంతకు వెళ్లి ఉప్పు తేవాలనుకున్నాడు బుధు. రోడ్డు పనికి సర్కారు బియ్యపు డిపో గుమస్తా ఇచ్చిన, రాజుగారి బొమ్మ ఉన్న ఆరు రూపాయి కాగితాలూ ముందురోజు వానకు ముద్దయ్యాయి. అరకు కొండల్లో చింతపండు తడిసినా, చేప తడిసినా పొయ్యి మీది వెదురు దడిపై పరిచి పొగ పెట్టడం అలవాటు. బుధు పెళ్లాం గంగ కాగితాలనూ అలాగే పరిచింది, విత్తనానికని చోళ్లు, అంటే రాగులు, దాచిన ఆనపబుర్ర పక్కనే.

తీరా తీసి చూసి కేకపెట్టింది.

"ఓలమ్మో! మావా, రాజుగారు నల్లగైపోనారు!"

"తుడిసీవే."

"తుడిస్తే ముక్కు పోనాది!"

"పోతే పోనీ. బేగి ఆ చోళ్లు దించి అంబలి కాసీ. సర్కారు బియ్యం ఇత్తంటే ఇత్తనాలెందుకే మనకి?"

గంగ బుర్రను ముట్టనివ్వలేదు. రోడ్డు కూలి మొదలయ్యాక ఊరు పోడు సేద్యం మానేసి రెండేళ్లయింది. రోడ్డు రెండేళ్లుగా అదే మలుపు దగ్గర ఉన్నా, కూలి మాత్రం వారం వారం వచ్చేది. కాగితాలు పెరిగేకొద్దీ వాటికొచ్చే ఉప్పు తరుగుతోంది. ఇప్పుడు గంగ భయం వేరు. తెల్లదొరల మీద మన్యం తిరగబడ్డ పితూరీ అణిగి ఏడాదే అయింది. దొర వైపు వేలు చూపినవాణ్ణే పట్టుకుపోయారంటారు. మరి రాజుగారి మొహానికి మసి పూసినదాన్ని?

సంతలో సావుకారు గణపతిరావు కాగితాన్ని ఎండకు పెట్టి చూశాడు.

"ఏరా, రాజుగారి మొహం ఇలా మాడిందేమిట్రా?"

పెళ్లాం పేరు చెప్పడానికి బుధుకు నోరు రాలేదు. "నాకేటి తెల్దు బాబూ. డిపోల అలగే ఇచ్చినారు."

"సర్కారు కాడ ఎండి రూపాయిలన్నీ అయిపోనాయని ఎప్పుడో అన్నాను," అంది పక్కనే కుంకుడుకాయలు అమ్ముతున్న యర్రమ్మ. "ఇప్పుడు రంగు కూడా అయిపోనాది గావాల!"

ఆ మాట నోళ్లు మారి, మధ్యాహ్నానికి రాజుగారికి జబ్బు చేసింది. పొద్దు వాలేసరికి సర్కారునే ఎత్తేశారు. సావుకారు ఉప్పు బస్తా మూతి కట్టేశాడు. జనమంతా కాగితాలకు వెండి ఇమ్మని డిపోకు పరుగెత్తారు. సంతకు వచ్చే మగవాడి భుజాన గొడ్డలి ఉండడం అక్కడ మామూలే. ఆ సంగతి పల్లం నుంచి వచ్చిన గుమస్తా కృష్ణమూర్తికి తెలియదు. ఆయన కంటికి వందమంది, వంద గొడ్డళ్లు.

"పితూరీ!" అని కేకపెట్టి, డిపోకు తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుని ఘాటీ దిగి పారిపోయాడు.

ఆ వెనకే వానలు పట్టాయి. వాగులు పొంగి దారి మూసుకుపోయింది. బియ్యం డిపోలో, తాళంచెవి పల్లంలో. సర్కారు తాళం విరగ్గొట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఆకలి కంటే పోలీసులంటేనే ఎక్కువ భయం.

అయిదో రోజు ఊరంతా గంగ గుమ్మంలోకి వచ్చింది. తనను పట్టివ్వడానికే వచ్చారనుకుని ఆమె బుర్రను వాటేసుకుంది.

"నేనే సేసినాను! కావాలని కాదు!"

ఎవరూ వినలేదు. అందరి కళ్లూ బుర్ర మీదే ఉన్నాయి.

"అందుల చోళ్లున్నాయేటే గుంటా?" అంది యర్రమ్మ.

"కాసీవే అంబలి," అన్నాడు బుధు నీరసంగా.

ఎన్నడూ గొంతెత్తని గంగ ఆ వేళ ఎత్తింది. "తింటే ఈ పూటకే సరి. జల్లితే ఏడాదికి. అందాకా దుంపలు తవ్వుకుందుం. అందరూ కొండెక్కండి!"

వెనక నుంచి సావుకారు తోసుకుంటూ వచ్చాడు. దారి మూసుకుపోయి ఆయనా అక్కడే చిక్కుబడ్డాడు. "అమ్మా, ఒక్క సోలెడు చోళ్లు! ఎన్ని కాగితాలైనా ఇస్తాను."

"కాయితాలొద్దు బాబూ. ఉప్పియ్యి."

వానలు వెలిశాక గుమస్తా పోలీసులనూ, తనిఖీ దొరనూ వెంటబెట్టుకుని వచ్చాడు. దూరం నుంచి టోపీలు చూడగానే గంగ చేలో దూరి కూర్చుంది. తాళం తీస్తే డిపోలో బియ్యం నిండా పురుగులున్నాయి. కొండ నిండా చోడిచేను ఉంది. దొర చేనును మెచ్చుకుని, ఇదంతా సర్కారు పెట్టిన ఖర్చు వల్లేనని రాసుకుని, వచ్చే ఏటికి ఆ ఖర్చు రెండింతలు చేశాడు.

కొత్త కాగితాలు కూడా వానలో తడిసే వచ్చాయి. గంగ వాటిని దడి మీద పరిచింది, ఈసారి పొగ తగలకుండా రాజుగారి మొహం పైకి తిప్పి.