కుడి సంచీ

ఆ ఆదివారం ఉదయం మాస్టారి పథకం చాలా చిన్నది. రెండు గుడ్డ సంచులు పట్టుకుని పుస్తకాల పండుగకు వెళ్ళాలి, వాటిని మరదలికి అప్పగించాలి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా భోజనం వేళకు ఇంటికి వచ్చేయాలి. ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషికి ఇది పెద్ద పనేమీ కాదు.

పండుగ ఊరి సమావేశ మందిరంలో ఏటా జరిగేదే. చేత్తో కాగితం చేసేవాళ్ళు, అచ్చు వేసేవాళ్ళు, రచయితలు తలా ఒక బల్ల వేసుకుని కూర్చుంటారు. ఆయన భార్య చెల్లెలు అక్కడ పుస్తకాలు కుట్టడం నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళు పాడుచేయడానికి పాత కాగితాలు కావాలని ఆవిడ అడిగితే, మాస్టారు అటక మీంచి పిల్లల పాత జవాబు పత్రాలు దింపి ఒక సంచీ నింపారు.

రెండో సంచీలో ఉన్నవీ జవాబు పత్రాలే. కాకపోతే వాటి వెనకవైపు ఆయన భార్య రాసుకుంది. కాగితానికి ఒక పక్క ఖాళీగా కనిపిస్తే ఆవిడకు మనసున పట్టేది కాదు. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఏదో రాసేది. ఏమిటని అడిగితే, "మీ సిలబస్‌లో లేదులెండి," అనేది. పోయిన ఏడు ఆవిడ వెళ్ళిపోయింది. నలభై ఎనిమిది కాగితాలు మిగిలాయి. మాస్టారు వాటిని జవాబులు పైకి, ఆవిడ రాత లోపలికి వచ్చేలా మడిచి, నాలుగేసి కాగితాల చొప్పున పన్నెండు కట్టలు చేశారు. ఒక్క వాక్యం కూడా చదవలేదు. ముందు మరదలి చేత మంచి అట్ట వేయిద్దాం, తర్వాత చదువుదాం అనుకున్నారు. ఏడాదిగా ఆ తర్వాత రానేలేదు.

ఆయన వెళ్ళేసరికి మరదలు బల్ల దగ్గర లేదు, దారం తేవడానికి వెళ్ళిందట. మాస్టారు సంచులు బల్ల మీద పెట్టి చీటీ రాశారు. "కుడి సంచీ నేర్చుకునేవారికి. ఎడమ సంచీ మన కోసం. దయచేసి తారుమారు చేయవద్దు." దాన్ని రెండుసార్లు చదివి, చివర చుక్క సరిగా పడలేదని మళ్ళీ పెట్టి, ఎవరో రచయిత్రి ప్రారంభోపన్యాసం వినడానికి వెళ్ళారు.

ఉపన్యాసం ముప్పావుగంట సాగింది. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఒకటే సంచీ ఉంది. చెయ్యి పెట్టి తీస్తే విడి కాగితాలు వచ్చాయి. తిప్పి చూస్తే వెనకవైపు తెల్లగా ఉంది.

"రెండో సంచీ ఏదమ్మా?"

"అయిపోయింది బావగారూ. అంత చక్కగా మడిచి తెచ్చారు, నాకు సగం పని తప్పింది. పన్నెండు మంది వచ్చారు, పన్నెండు కట్టలూ లెక్కగా సరిపోయాయి. తలా ఒకటి తెల్లకాగితాల మధ్యలో పెట్టి కుట్టేసుకున్నారు."

"అది ఎడమ సంచీ."

"నాకు కుడి," అంది మరదలు, బల్లకు అవతలి నుంచి.

మాస్టారు బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి చూశారు. కుడే. రాసింది చదివేవాడి వైపు నుంచి ఆలోచించమని ఎన్ని వందల మంది చెవులు మెలేశారో ఆయనకే గుర్తులేదు.

"అందులో ఉన్నది మీ అక్క రాత," అన్నారు మెల్లగా.

మరదలి చేతిలో సూది ఆగిపోయింది. ఎదురుగా మరో పన్నెండు మంది సూదులు పట్టుకుని కూర్చున్నారు, కదలడానికి లేదు. మొదటి జట్టు అందరికీ ఎర్ర దారం ఇచ్చానని మాత్రం చెప్పగలిగింది. వాళ్ళంతా మధ్యాహ్నం జరిగే పుస్తకాల కుట్టు పోటీ కోసం మందిరంలోనే తిరుగుతున్నారు.

జరిగింది చెప్పి కాగితాలు అడిగితే సరిపోయేది. కాని ఏడాదిగా భార్య మాట ఎత్తిన ప్రతిచోటా ఎదుటివాళ్ళ ముఖాలు వాడిపోవడం ఆయన చూస్తున్నారు. పండుగ పూట పన్నెండు ముఖాలు వాడ్చడం ఇష్టం లేకపోయింది. అందుకని ఎర్ర దారం కనిపించిన చోటల్లా ఆగి, "ఒకసారి చూడవచ్చా?" అని మాత్రం అడగసాగారు. జేబులో ఎర్ర కలం ఉంది. అది ఎప్పుడూ ఉంటుంది. దాన్ని మిగతావాళ్ళూ చూశారు.

మొదట దొరికింది పళ్ళ డాక్టరమ్మ. మాస్టారు కుట్టు తడిమి, విప్పవచ్చా అని అడిగారు.

"లాగి చూడండి సార్. నేను పట్టుకున్నది ఊడాలి గాని, నేను కుట్టింది ఊడుతుందా?" అంది ఆవిడ గర్వంగా.

తర్వాత దర్జీ. విప్పడం అన్న మాట వినగానే ఆయన పుస్తకాన్ని గుండెలకు హత్తుకున్నాడు. ముప్పై ఏళ్ళలో తన కుట్టు విప్పమన్నవాడు లేడన్నాడు. పెళ్ళికొడుకు లావెక్కినప్పుడు తప్ప, అని నిజాయితీగా చేర్చాడు.

ఈలోగా వార్త మాస్టారి కంటే ముందు నడిచింది. పోటీకి న్యాయనిర్ణేత వచ్చేశాడు, ఎర్ర కలం వేసుకుని తిరుగుతున్నాడు, కుట్టు నచ్చకపోతే అక్కడికక్కడే విప్పేస్తున్నాడు. ఆయన మూడో బల్ల చేరేసరికి కుర్చీ వేసి ఉంది. నాలుగో బల్ల దగ్గర కాఫీ ఇచ్చారు. అయిదో బల్ల దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్ళు కుట్టు మీద ధారాళంగా జిగురు పోస్తున్నారు, విప్పడానికి వీల్లేకుండా. అది చూసి మిగతావాళ్ళూ జిగురు అరువు తెచ్చుకున్నారు. పదకొండు గంటలకు పన్నెండు పుస్తకాలూ ఇటుకల్లా బిగిశాయి.

అసలు న్యాయనిర్ణేత, ప్రెస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన, అప్పుడే వచ్చాడు. జనం ఇంకెవరి చుట్టూనో మూగి ఉండడం చూసి, తనను మార్చేశారని తేల్చుకున్నాడు. ఎవరినీ ఒక్క మాట అడగకుండా బయట మెట్ల మీద, మందిరానికి వీపు పెట్టి కూర్చున్నాడు. కార్యదర్శి వెళ్ళి బతిమాలితే, ఉన్నాయన చేతే చెప్పించుకోండి అన్నాడట. కార్యదర్శికి అదీ నిజమే అనిపించింది. మాస్టారి భుజం పట్టుకుని వేదిక ఎక్కించి, మైకు ముందు నిలబెట్టి, ఫలితం ప్రకటించమన్నాడు.

ఎర్ర దారం వాళ్ళు పన్నెండు మందీ ముందు వరసకు వచ్చారు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఎంత వెతికినా సుతిమెత్తని వాక్యం ఒక్కటీ దొరకలేదు.

"నేను న్యాయనిర్ణేతను కాను. మీ పుస్తకాల మధ్యలో మా ఆవిడ ఉంది. తిరిగి ఇప్పిస్తారేమోనని అడుగుతున్నాను."

ఆపైన సంచుల కథ నాలుగు ముక్కల్లో చెప్పారు. ముఖాలు వాడడం మొదలైంది. ఆయన భయపడినట్టే అయింది. అంతలో ముందు వరసలోంచి ముక్కుతో నవ్విన చప్పుడు వినిపించింది. దర్జీ తన పుస్తకం మధ్యలో తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"క్షమించండి మాస్టారూ. ఇది చదవకుండా ఉండలేకపోయా."

"ఏముంది?"

దర్జీ అటూ ఇటూ చూసి పైకి చదివాడు. "ఈరోజు ఈయన పాలవాడికి చీటీ రాశారు. మూడు పేరాలుంది. ఎన్ని పాలు కావాలో మాత్రం లేదు."

నవ్వు వెనక వరస నుంచి మొదలై ముందుకు వచ్చింది. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు నవ్వింది మరదలు. పళ్ళ డాక్టరమ్మ తన పేజీ అందుకుంది. "ముందువైపు జవాబు రాసిన పిల్లకు ఈయన మూడు వేశారు. ఆకాశానికి దాహమేసి లేస్తే ఒలికిపోయిన నీళ్ళే వాన అని రాసింది పాపం. నేను ఎనిమిది వేశాను."

అలా పన్నెండు మందీ చదివారు. చదివిన ప్రతి కాగితం వెనకా ఆవిడ ముందువైపు పిల్లకో పిల్లవాడికో మార్కులు తిరిగి వేసింది, ఎవరికీ ఏడుకు తగ్గలేదు. చప్పట్లు విని మెట్ల మీది పెద్దాయన అలక మరిచి లోపలికి వచ్చాడు. సంగతి విని, పుస్తకాలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, జిగురు వాసన పీల్చి, వీటిని విప్పితే చిరుగుతాయన్నాడు. అప్పుడు మరదలు తన పెద్ద సూది తీసింది. పన్నెండు పుస్తకాలూ అట్టలతో సహా ఒకదాని పక్కన ఒకటి పేర్చి, పన్నెండు మంది చేతా తలా రెండు కుట్లు వేయించి ఒకే పుస్తకం చేసింది. అది మూయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. తన జీవితంలో ఇంత వికారంగా కట్టిన పుస్తకం చూడలేదని పెద్దాయన ప్రకటించి, మొదటి బహుమతి దానికే ఇచ్చాడు. బహుమతి పత్రం మీద రచయిత్రి పేరు ఎవరిదని అడిగితే, మాస్టారు కలం తీసి తనే రాశారు.

పథకం ప్రకారం భోజనం వేళకు ఇంటికి చేరలేదు. చేరేసరికి మూడయింది. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, బరువైన ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ చదవని చివరి కాగితం దగ్గర తెరిచారు. దాని ముందువైపు జవాబులేమీ లేవు, మాస్టారు తన చేత్తో రాసిన ప్రశ్నలు, వాటి కింద వట్టి గీతలే. వెనక ఆవిడ రాత.

"ఈ ఒక్కటీ పిల్లలది కాదు, ఈయనది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. మనసులో మాట స్పష్టంగా రాయడం ఇంకా రాలేదు. ప్రయత్నం ఉంది. పదికి ఆరున్నర."

మాస్టారు అలవాటుగా జేబులోంచి ఎర్ర కలం తీసి, కాసేపు పట్టుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. మార్కులు తిరిగి లెక్కించమని అడిగే గడువు దాటిపోయింది.