తవిటమ్మ మెడలో పలక

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న తుమ్ము పుట్టింది. ఎవరి ముక్కులో పుట్టిందో తేలలేదు గాని, వారం తిరిగేసరికి సగం అడవి తుమ్ముతోంది. మిగతా సగం గుహల్లో, తొర్రల్లో దూరి తలుపులు వేసుకుంది. ఇంటికి చుట్టాన్ని పిలిచినవాడికి దండన తప్పదని పంచాయతీ చాటింపు కూడా వేయించింది.

తలుపులు వేసుకున్నా ఆకలి ఆగదు కదా. దాంతో 'గడపకే మూట' ఆఫీసుకు మంచి రోజులొచ్చాయి. కాయలు, దుంపలు, తేనెపట్లు మూటగట్టి ఇంటింటికీ చేర్చడం దాని పని. మేనేజరు రంగనాథం అనే ఊసరవెల్లి. పెద్దల దగ్గర ఒక రంగు, కూలీల దగ్గర ఇంకో రంగు. మూటలు మోసేది మాత్రం ఉడతలు, ముళ్ళపందులు.

వాళ్ళలో తవిటమ్మ అనే ఉడత ఉంది. ఇప్పచెట్టు మూడో తొర్రలో ముగ్గురు పిల్లలతో కాపురం. రోజుకు నలభై గడపలు ఎక్కి దిగి ఇంటికి పోతే, పిల్లల్ని ముట్టుకోవడానికి భయం. ఒకనాడు ధైర్యం చేసి మేనేజరు ముందు నిలబడింది.

"అయ్యగారూ, గడపగడపకూ ఒక కుండెడు కుంకుడు నీళ్ళు పెట్టించండి. మూట ఇచ్చాక చేతులు కడుక్కుంటాం."

"ఎందుకమ్మా ఆ ఖర్చు?"

"ఆఫీసు ముందు రాయించారు కదండీ, 'మీ క్షేమమే మా ధ్యేయం' అని. 'మీ' అంటే మేమే కదా?"

రంగనాథం జాలిగా నవ్వాడు. "పిచ్చిదానా, 'మీ' అంటే మీరెందుకవుతారు? 'మీ' అంటే వాళ్ళు!"

ఆ వాళ్ళలో మొదటివాడు రాళ్ళగుట్ట ఎలుగుబంటి భద్రయ్య. పంచాయతీకి పెద్ద. ఆయన గుహలోంచే కేకేశాడు.

"ఏమయ్యా రంగనాథం! మూటలు తెచ్చేవాళ్ళకు జబ్బుందో లేదో మాకెలా తెలుస్తుంది? రూలు పెట్టు. మూటను ఎవరు ముట్టుకుంటే వాళ్ళ ఒంటి వేడి, ఇల్లు, ఇంట్లో తుమ్మేవాళ్ళు, అన్నీ పలక మీద రాసి కూలీ మెడలో వేలాడదియ్యి. ఒక్కరినీ వదలకు!"

"చిత్తం" అంటూనే రంగనాథం ఎలుగుబంటి నలుపులోకి తిరిగిపోయాడు. ఆ మాటల్నే పొల్లు పోకుండా రాయించి ఆఫీసు చెట్టుకు కొట్టించాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే ప్రతి కూలీ నుదుట తమలపాకు పెట్టేవారు. ఆకు వాడితే జ్వరమున్నట్టు. తవిటమ్మ ఆలస్యమవుతుందని పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆకు కాస్త వాడింది. వెంటనే బొగ్గుతో పలక మీద రాశారు: 'తవిటమ్మ. ఒళ్ళు వేడి. ఇప్పచెట్టు మూడో తొర్ర. పిల్లలు ముగ్గురు. చిన్నది తుమ్మింది.'

చిన్నది తుమ్మింది ఇప్పపూల పుప్పొడికి. ఆ సంగతి రాయడానికి పలకలో చోటు లేదు.

ఆ సాయంత్రం తవిటమ్మ చెట్టెక్కబోతే, పై తొర్రలోని వడ్రంగిపిట్ట అడ్డం నిలబడింది.

"నీ పలక చదివాం తవిటమ్మా. ఎల్లుండికల్లా తొర్ర ఖాళీ చెయ్యి. మాకూ పిల్లలున్నారు."

"అది పుప్పొడమ్మా!"

"పలకలో అలా లేదే."

మర్నాడు ఆఫీసు చెట్టు కింద తవిటమ్మ ఏడుస్తూ ముసలి ముళ్ళపంది అప్పలకొండకు చెప్పుకుంది. అప్పలకొండ ఇరవై ఏళ్ళుగా మూటలు మోస్తున్నవాడు. ఏ కాగితం చేతికొచ్చినా రెండుసార్లు చదవందే వదలడు.

"ముందు రూలు చదువు."

"చదివితే తొర్ర దక్కుతుందా తాతా?"

"చదవవే. నిదానంగా. అక్షరాలు మింగకు."

తవిటమ్మ ముక్కు తుడుచుకుని మొదలుపెట్టింది. "మూటను ఎవరు ముట్టుకుంటే..." అక్కడే ఆగిపోయింది. "తాతా! పుచ్చుకునేవాళ్ళు కూడా ముట్టుకుంటారు కదా!"

అప్పలకొండ ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. కోపంతో కాదు, ఆనందంతో.

ఆ పూట మొదటి మూట భద్రయ్యకే. పన్నెండు తేనెపట్లు.

"అయ్యా, మూట తెచ్చాను. కాస్త నుదురు వంచండి" అంది తవిటమ్మ, తమలపాకు తీసి.

"నా నుదురెందుకే?"

"మూట మీరూ ముట్టుకుంటారు కదండీ. తమరి రూలే. ఒక్కరినీ వదలొద్దన్నారు."

భద్రయ్య గర్జించబోయాడు. ఇంతలో తేనె వాసన తగిలింది. వంచాడు. ఆకు పెనం మీద వేసినట్టు ముడుచుకుపోయింది.

తవిటమ్మ గుహలోకి ఒకసారి తొంగిచూసి, పొందికగా రాసుకుంది: 'భద్రయ్యగారు. ఒళ్ళు కాలిపోతోంది. తుమ్ములు ఏడు. ఇంట్లో విందు. చుట్టాలు పదకొండు మంది. గోడ రంగులో ఇంకొకరు తుమ్మారు, ఎవరో కనబడలేదు.'

ఆ పలకతో మిగతా ముప్పై తొమ్మిది గడపలూ ఎక్కింది. చదవడం కోసమే అడవంతా తలుపులు తీసింది. గోడ రంగులో ఉండగలిగేది ఎవరో పిల్లలక్కూడా తెలుసు. పకపకా నవ్వారు.

చివరి గడప వడ్రంగిపిట్టది. తవిటమ్మను చూడగానే దానికి తుమ్మొచ్చింది.

"అది పుప్పొడే తవిటమ్మా! రాయకు!"

"పలకలో పుప్పొడికి చోటు లేదమ్మా. ఇంతకీ తొర్ర రేపటికల్లా ఖాళీ చెయ్యాలన్నావు..."

"ఏ తొర్ర? ఎవరన్నారు? నువ్వుండవే తల్లీ, నూరేళ్ళుండు!"

మర్నాడు మిట్టమధ్యాహ్నం పంచాయతీ అత్యవసరంగా కూడింది. భద్రయ్య ముక్కుకు ఆకు అడ్డం పెట్టుకుని లేచాడు.

"ఒకరి ఒంటి వేడి, ఇంటి గుట్టు ఊరంతా చదవడం ఎంత అనాగరికం! నాకు ముందు నుంచీ ఈ పలకలంటే గిట్టదు. ఇప్పుడే తుడిచేయండి!"

"నాకూ గిట్టదండి" అన్నాడు రంగనాథం. ఆ పూట ఏ రంగూ కుదరక తెల్లగా పాలిపోయి ఉన్నాడు.

అప్పలకొండ మెల్లిగా దగ్గాడు. "తుడుస్తాం బాబూ. కాని బొగ్గు ఉత్త చేత్తో పోదు. కుంకుడు నీళ్ళు కావాలి. ఏ గడపలోనూ చుక్క లేదు మరి."

పొద్దు గుంకేలోగా గడపగడపకూ కుండ వచ్చింది. తవిటమ్మ ముందు చేతులు కడుక్కుంది. ఇంటికి పోయి చిన్నదాన్ని ఎత్తుకుంది. పలక సంగతి తీరిగ్గా చూసుకుంది.

నీతి: గుట్టు అందరికీ ఉంటుంది, దానికి విలువ మాత్రం పెద్దలు తుమ్మినప్పుడే వస్తుంది.